స్టాప్ దాటిన పెండ్లికొడుకు

అండమాన్ సముద్రంలో ఒక పడవ, అందులో మరిపెడ కొత్త జంట. స్కూబా డైవింగ్‌కు నీళ్ల అడుగుకు దిగి, మధ్యమధ్య ఆగుతూ పైకి రావాల్సిన పెండ్లికొడుకు ఒక్క ఉరుకున తేలాడు. పడవవాళ్లు ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టారు.

“ఎందుకట్ల ఉరికొచ్చినవ్?” అడిగింది పెండ్లికూతురు.

“తాబేలు నన్ను జూసి నవ్వింది. నీకు చెప్దామని.”

“ఆగకుంటే నెత్తుట్ల బుడగలు లేస్తయట!”

“మళ్ల దిగి ఆగొస్తా. నిద్రల మానుకోట స్టేషన్ దాటిపోతే, డోర్నకల్ల దిగి ఎనక్కి వస్తలేమా?”

“గిది రైలు కాదు. మళ్ల దిగితే ఇంకా ప్రమాదమట. డాక్టర్‌కు ఫోన్ చేసిన్రు. రేపటి విమానం గూడ ఎక్కొద్దన్నడట.”

“ఇంకో రోజు ఇక్కడ్నేనా! మంచిగైంది.”

“నొప్పి, తిమ్మిరి ఏమన్న ఉన్నదా? నిజం చెప్పు.”

“ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది.”

ఆమె గబుక్కున అటు వంగింది. తీరా చూస్తే, ఆ చేతిని బిగించి పట్టుకున్నది తనే. వదిలింది.

“ఇప్పుడు?”

“పోయింది. మళ్ల పట్టుకో, జర మెల్లగ.”

“మెల్లగనా? గా మాట నువ్వు జెప్తున్నవా!”