ఓడ లోపలి అట్టలు

శుక్రవారం సెలవు. బహ్రెయిన్‌లో, సనాబిస్‌లోని లేబర్ క్యాంపు గదిలో, కాంక్రీటు పోయడానికి చెక్కలతో అచ్చు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన, కిట్‌ డబ్బాలో వచ్చిన కాగితం, అట్ట ముక్కలతో కాగితపు ఓడ కడుతున్నాడు. పక్క మంచం మీద కూర్చుని పెయింటర్ చూస్తున్నాడు.

"బావా, గంత మంచిగ అతికించినవు, మళ్ల లోపలి అట్టలు పీకుతున్నవేంది?"

"గమ్ము ఆరింది గదా. ఇగ షట్టరింగ్ ఇప్పాలె."

"షట్టరింగ్ కాదు బావా, అవి ఓడకు పక్కటెముకల లెక్క. ఇగో, డబ్బా మీది ఈ బొమ్మల చూడు. వాటిని అట్లనే ఉంచి పైన మూసెయ్యాలె."

"ఉంచుడా? లోపల్నే?"

"తీస్తే ఓడ కూలబడ్తది."

"పంతొమ్మిదేండ్లాయె నేను ఈడికొచ్చి. వచ్చే నెల ఖలాస్, ఇంటికే. ఎన్ని బిల్డింగులకు చెక్కలు కొట్టిన! కాంక్రీటు గట్టిపడంగనే నేను కొట్టిందంత ఊడబీకుడే. నాది ఒక్క చెక్క సుత ఏ బిల్డింగుల మిగల్లే."

"దీంట్ల మిగుల్తది తియ్. ఏంది, చేతిల పట్టుకొని అట్లనే చూస్తున్నవ్? అతికియ్యరాదు."

"ఆగు. ఆ పెన్ను ఇటియ్యి. మూసే ముందు ఈ అట్ట మీద నా పేరు రాస్త."

"లోపల రాస్తే ఎవలు చూస్తరు బావా?"

"ఎవలు చూడకున్నా సరే. ఉంటది గదా."