ఆర్విడ్ గొళ్ళెం

చక్కటి తీర్పు! అదేగా ప్రొఫెసరు గారూ, మీరు పత్రికలో రాసింది? లా చదివే పిల్లలకి పాఠంగా చెప్పదగ్గ తీర్పని కూడా రాశారు. మీ వ్యాసం మళ్ళీ మళ్ళీ చదివాను. ఒక్క తప్పు దొరికితే ఒట్టు! అదేనండీ నా ఏడుపు.

కాఫీ తాగండి. ఆ రూబార్బ్ కేకు కూడా తినండి. మీ మీద కోపం దాని మీద చూపించలేదు లెండి.

ఆ గొళ్ళెం మా ఆయన ఆర్విడ్ చేసిందే. కాదని కోర్టు కూడా అనలేదు. రెండు చేతుల్లో బకెట్లున్నా సరే, మోచేత్తో ఇలా నొక్కితే గేటు తెరుచుకుంటుంది. ఆవు నాలుకతో ఎంత లాగినా, ఊహూఁ, రాదు. చలికి వేళ్ళు కొయ్యబారిపోయే మా అయోవాలో అదెంత సుఖమో మీ బస్తీవాళ్ళకెలా తెలుస్తుంది?

మరి చేసినవాడు ఊరుకుంటాడా? పక్కింటి డ్వేన్ గేటుకి ఒకటి బిగించాడు. ఇక్కడ నిచ్చెన మాదీ, ట్రాక్టరు మీదీ అనేది ఉండదండీ. చర్చి విందులో బల్లమీద పెట్టి అందరికీ ఆడించి చూపించాడు. "బాగుందోయ్ ఆర్విడ్!" అంటే చెవులదాకా ఎర్రబడిపోయాడు, పిచ్చి మహారాజు. పేటెంటుకి దరఖాస్తు పెట్టాలని అప్పుడెవరికి తోచింది? రెండు చలికాలాలు గడిచాక తోచింది.

ఏడాదిలోపు పెట్టుకోవాలట! నలుగురి వాడుకలోకి వచ్చి ఏడాది దాటితే ఇక అది అందరి సొత్తట. మాకేం తెలుసు? పేటెంటు చేతికొచ్చిందని మురిసిపోయాం. తర్వాత ఓ కంపెనీ అచ్చు అదే గొళ్ళెం చేసి అమ్ముతుంటే కోర్టుకెళ్ళాం. వెళ్ళకపోతేనే బాగుండేది.

వాళ్ళ లాయరు బోనెక్కించింది ఎవర్ననుకున్నారు? మా డ్వేన్‌నే! "ఎవరికీ చూపించొద్దని ఆర్విడ్ చెప్పాడా?" అనడిగితే పాపం, ఏమంటాడు? బైబిలు మీద చెయ్యేశాడాయె. "లేదండీ, రెండు చలికాలాలు నా గేటుకే ఉంది" అన్నాడు. మర్నాడు ఆ గొళ్ళెం ఊడదీసి తెచ్చి మా గుమ్మంలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.

వాణ్ణి తిట్టనా? నిజం చెప్పినందుకా? జడ్జిగారిని తిట్టనా? పేటెంటు చెల్లదని ఆయన చట్టం ప్రకారమే చెప్పారని మీరే రాశారు. తిట్టుకోవడానిక్కూడా ఓ మనిషి దొరకడం లేదండీ నాకు!

అంటే, మా ఆయన పిసినారిలా దాచుకుని ఉంటే గెలిచేవాడన్నమాట. అంతేనా? తల ఊపుతున్నారు. ఊపండి, ఊపండి.

కేసు పోతే పోయింది. నా మనిషి నాక్కాకుండా పోతున్నాడండీ. ఎన్నడూ తలుపైనా వెయ్యని షెడ్డుకి తాళం పెట్టాడు. లోపల ఏదో కొత్తది చేస్తున్నాడు, సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కాఫీ పట్టుకెళ్తే దానిమీద గోనెపట్టా కప్పేసి, తలుపు సందులోంచి కప్పు అందుకుంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో ముందు నాకు చూపించకుండా ఒక్క మేకు కొట్టని మనిషి!

మీరొస్తున్నారంటే బయటికి రానన్నాడు. మిమ్మల్ని ఒక్కటి మాత్రం అడగమన్నాడు. పెళ్ళానికి చూపిస్తే నలుగురికీ చూపించినట్టే అవుతుందా అని.

మీరు నవ్వి కొట్టిపారేస్తారనుకున్నాను. అయ్యో దేవుడా... ఏమిటండీ, ఆలోచిస్తున్నారు?