ఆ ఫొటోలో ఉండాల్సింది నేనే

"ఆ పేపరిటివ్వు రెబెకా. చించనులేమ్మా, ఒకసారి చూసిస్తాను."

యూనివర్సిటీ గేటుకి ఎదురుగా రెబెకా టీ బంకు. ఎండ తగ్గాక మిరప కల్లాల నుంచి వచ్చేవాళ్ళు, కోల్డ్ స్టోరేజీలో పని దిగినవాళ్ళు అక్కడ ఆగి గొంతు తడుపుకుంటారు. ఆ రోజు జిల్లా పేజీలో తమ ఊరి ఫొటో పడిందని ఇంకొంచెం ఎక్కువమందే చేరారు. ఫొటోలో చలమయ్య తన కల్లంలో ఎర్రటి కాయల రాశి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన మెరోన్, రంగుపోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తోంది. మెరోన్‌ది ఇథియోపియా. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ చలమయ్య ఇంట్లో అద్దెకుంటోంది. ఇద్దరూ ఏదో మాటకి పకపకా నవ్వుతున్నారు.

పేపరు అడిగిన బుల్లయ్య చలమయ్యకి స్వయానా బావమరిది. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఫొటోని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు.

"బావ పళ్ళు చూశారా? ఉన్నవన్నీ బయటపెట్టాడు. ఏం చేశాడని అంత నవ్వు? ఆ అమ్మాయి ఈ ఊరు రావడానికి, ఇక్కడ కుదురుకోవడానికి ఎవరు కష్టపడ్డారో అది వెయ్యాలి పేపర్లో. నా గురించి నేను చెప్పుకోకూడదు కానీ..."

"చెప్పు మావా, మేమే కదా," అన్నాడు అక్బర్. కోల్డ్ స్టోరేజీలో మిరప టిక్కీ బస్తాలు మోసి మోసి అలసిపోయి ఉన్నాడు. అతనికి టీతో పాటు ఏదో ఒక కాలక్షేపం కావాలి.

"నేను చేసింది పెద్ద పనేం కాదురా. ఆ అమ్మాయి ఇంకా వాళ్ళ దేశంలో పెట్టె సర్దుకుంటున్నప్పుడు ఫోన్లో రెండు ముక్కలు చెప్పాను, అంతే. సగం ఇంగ్లీషు, సగం చేతులు, వీడియో కాల్ కదా. చూద్దును కదా, స్వెట్టర్లు మడత పెడుతోంది పాపం! ఆగమ్మాయ్, అవి తీసి మంచం మీద పడెయ్, గుంటూరొస్తూ స్వెట్టరేంటి, మే నెలలో మాకు బనీను కూడా బరువే అన్నాను. తీసేసింది. ఆ ఖాళీలో గొడుగు పెట్టమన్నాను, వానకి కాదు, ఎండకి. సర్టిఫికెట్లు పెట్టెలో వద్దు, చేతిసంచిలో పెట్టుకో, పెట్టె ఎటుపోయినా చదువు నీతో ఉంటుంది అన్నాను. వాళ్ళ చార్జరు పిన్ను మన ప్లగ్గులో పడుతుందో పడదోనని గోడ దగ్గరికి ఫోన్ తీసుకెళ్ళి మరీ చూపించాను. నేనింత చేస్తుంటే బావేం చేస్తున్నాడో తెలుసా? నిద్ర! గోడవతల గురక నాకు వినపడుతోంది."

"తర్వాత?" అంది రెబెకా, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"తర్వాత ఎయిర్‌పోర్టుకి ఎవరెళ్ళారు? నేనే."

అద్దె కారు నడిపే కోటేష్ గ్లాసు కిందపెట్టాడు. "కారు నాది కదా బాబాయ్?"

"కారు నీదేరా, కాదన్నానా? దారి నాది."

"నువ్వెక్కడ కూర్చున్నావు? నాకు కనపడలేదే?"

"వెనకాల. నడిపేవాడివి రోడ్డు చూసుకోవాలి కానీ వెనక్కి చూస్తావా? చూడలేదు కాబట్టే క్షేమంగా వెళ్ళాం. సరే, విను. అమ్మాయి బయటికొచ్చింది, కళ్ళనిండా నీళ్ళు. ఏమ్మా అంటే పెట్టె రాలేదంకుల్ అంది. అందరి పెట్టెలూ వచ్చాయి, ఈమెది లేదు. అద్దంలోంచి చూస్తే విమానం మళ్ళీ ఎగరడానికి బయల్దేరింది. పెట్టె దాని కడుపులోనే ఉంది! నన్నేమో లోపలికి పోనివ్వరు. ఏం చెయ్యాలి? భుజం మీద కండువా తీశాను. చేలో పడ్డ గేదెని అదిలించినట్టు ఇలా ఊపి, హోయ్ అని ఒక్క కేక పెట్టాను. అద్దాలు గడగడలాడాయి. పైలట్టు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. అక్కడికక్కడే ఆపి, రివర్సు గేరేసి, వెనక్కి తెచ్చి నా ముందు నిలబెట్టాడు."

"విమానానికి రివర్సు ఉండదు మావా."

"ఉండదు. అందుకే అంతసేపు పట్టింది. దిగొచ్చి, పెట్టె చేతికిచ్చి, సారీ బుల్లయ్యగారూ, చూసుకోలేదండీ అన్నాడు."

"నీ పేరెలా తెలిసింది అన్నయ్యా?" అంది రెబెకా.

"కేకలోనే చెప్పానుగా!"

అందరూ గొల్లుమన్నారు. కోటేష్ మాత్రం ఏదో అనబోయి, మానేసి, టీ తాగాడు.

"మరి అంత చేసినవాడివి మీ ఇంట్లోనే ఉంచుకోవాల్సింది," అన్నాడు అక్బర్. "చలమయ్యగారింట్లో ఎలా దిగింది?"

బుల్లయ్య ఫొటో వైపు మళ్ళీ చూశాడు. "దిగాల్సింది మా పైగదిలోనేరా. మా అక్క పేరమ్మ మొహం చూసి ఇచ్చేశాను. వాళ్ళ పిల్ల పెళ్ళయి దర్శి వెళ్ళాక ఆ ఇల్లు బోసిపోయింది. పోనీలే, మనకేముంది, వాళ్ళకి కాస్త సందడిగా ఉంటుందని నేనే ధారాదత్తం చేశాను. ఇప్పుడేమో ఆయన పేపర్లోకెక్కాడు! పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించడం ఆయనవల్ల అయ్యేదా? బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు చేయించుకోవాలి, తెలుసుగా. నేను తీసుకెళ్ళాను. ఈ అమ్మాయికి ఇక్కడెవరున్నారు అన్నారు. నేనున్నాను అన్నాను. ఎన్.బుల్లయ్య అని కంప్యూటర్లో కొట్టారో లేదో, మిషను ఆగిపోయింది. పేరు బరువు! ఆ ఊళ్ళో ఆగింది, ఈ ఊళ్ళో ఆగింది, అలా అలా ఢిల్లీ దాకా అన్నీ ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఢిల్లీ నుంచి ఫోను. ఆయన పేరు కొట్టొద్దు, ఆయన మాట చాలు, ఇక మీద ఏ దేశం నుంచి ఎవరు చదువుకోడానికొచ్చినా ముందు బుల్లయ్యకి చూపించండి అని."

"మరి చూపించారా ఎవరినన్నా?"

"ఖాళీ లేదని నేనే వద్దన్నాను. ఈ అమ్మాయిని కుదురుకోనివ్వాలి కదా ముందు. వచ్చిన కొత్తలో అన్నం తినేది కాదు. ఇంటి మీద బెంగ. వాళ్ళింట్లో కాఫీ గింజలు ఎప్పటికప్పుడు వేయించుకుని కాచుకుంటారంట, ఆ వాసన లేక నిద్ర పట్టడం లేదంది. అంతే కదా అని గింజలు తెప్పించి, మా పెరట్లో పొయ్యి పెట్టి, మూకుడులో వేయించాను. ఎలా వేయించానంటే, ఆ పొగ గోడ దాటింది, ఊరు దాటింది, చీరాల మీదుగా సముద్రం మీదికి పోయింది. కాసేపటికి అమ్మాయి ఫోన్ మోగింది. వాళ్ళమ్మ! ఎవరే అక్కడ నా కాఫీ వేయిస్తోంది, ఇంకొంచెం మాడనిస్తే చేదెక్కుతుంది, దించమని చెప్పు అంది. దించేశాను. సమయానికి చెప్పింది మహాతల్లి."

అక్బర్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. బుల్లయ్య నవ్వలేదు. గొంతు కొంచెం తగ్గించాడు.

"ఇంత చేస్తే నన్ను అంకుల్ అంటుందిరా. అంకుల్‌దేముంది, గ్యాస్ బండ తెచ్చేవాడినీ అంకులే అంటుంది. బావనేమో నాన్నా అంటుంది. అచ్చం మన పిల్లల్లాగే, సాగదీసి, నాన్నా... అని. గోడవతల రోజూ వినపడుతుంది నాకు. పొద్దున్నే కూర్చోబెట్టి నేర్పించుంటాడు. పని లేదుగా!"

అక్బర్ గ్లాసులోకి చూసుకున్నాడు. అది బుల్లయ్యకి నచ్చలేదు. వెంటనే గొంతు పెంచాడు.

"అసలు మిరపకాయ తినడం ఎవరు నేర్పారు? చెప్పండి! వాళ్ళ దేశంలో మిరపకాయంటే తెలీదు. మొదటి రోజు ఆవగింజంత ముక్క గిల్లి నాలిక మీద పెట్టాను. రెండోరోజు కందిగింజంత. అలా అలా పెంచుకుంటూ వచ్చాను. ఇప్పుడు తేజ రకం ఘాటు కాయల్ని వేరుశనక్కాయలు తిన్నట్టు తింటోంది. ఆ అమ్మాయి ఊపిరికి మా వీధిలో దోమల్లేవు. క్లాసులో ఆవులిస్తే ముందు బెంచీ వాళ్ళకి జలుబు వదిలిపోతోంది, మేష్టార్లు తుమ్మొస్తే ఆమె దగ్గరికే పోతున్నారు. నేనిచ్చిన గింజలు వాళ్ళమ్మకి పంపింది. వాళ్ళమ్మ పెరట్లో వేసింది. పక్కవాళ్ళు అడిగారు, పక్కూరు అడిగింది, ఇప్పుడు దేశం దేశమంతా మన మిరపే! మొన్న వాళ్ళ ప్రభుత్వం నుంచి ఫోను. బుల్లయ్యగారూ, మా జెండా మీద మిరపకాయ వేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు అని. నేనే వద్దన్నాను."

"ఎందుకన్నయ్యా?"

"ఎండకి రంగు పోతే తాలుకాయలా ఉంటుంది. దేశానికి మర్యాదగా ఉండదు అన్నాను. అయితే మీరే వచ్చి మా యూనివర్సిటీలో నాలుగు పాఠాలు చెప్పి..."

"చెబుదువుగానిలే ముందు ఇటు తిరగరా బుల్లయ్యా."

బంకు వెనకవైపు నుంచి పేరమ్మ. చేతిలో ఖాళీ పాలక్యాను. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి నిలబడిందో ఎవరూ చూసుకోలేదు.

"అక్కా! నీ గురించే చెప్తున్నా, మీ ఇంటికి సందడి కావాలని..."

"విన్నాను. మిరపకాయ ఎరగదా మా మెరోన్? వాళ్ళమ్మ పంపిన కారం డబ్బా నా వంటింట్లోనే ఉంది. వాళ్ళూ మనలాగే ఎండబెట్టి, దంచి, అన్నిట్లో వేసుకుంటారు. మొన్న ఆదివారం ఆ కారంతో కూర చేసి నీకూ గిన్నె పంపింది. తిని ఏం చేశావో చెప్పనా?"

"వద్దక్కా."

"గేదె కుడితి తొట్టిలో మూతి పెట్టాడమ్మా వీడు! గేదె బెదిరి కట్టు తెంచుకుంది."

రెబెకా గరిటె వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్బర్ బల్ల మీద చరిచాడు. "అది వేరే రకం కారం," అని బుల్లయ్య గొణిగాడు గానీ, ఎవరూ వినిపించుకోలేదు.

"ఇంకోటి. ఏరా కోటేషూ, ఆ పిల్లని తీసుకొచ్చిన రోజు కారు ముందు ఎవరింటి దగ్గర ఆపావు?"

కోటేష్ ఇబ్బందిగా కదిలాడు. "బాబాయ్ ఇంటి దగ్గరే అత్తా. గది అద్దెకని బోర్డుంది కదా."

"మీ బాబాయ్ బయటికొచ్చాడా?"

"గేటు దాకా వచ్చాడు. ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఏదో అడిగింది. బాబాయ్ నావైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మోటారు కట్టేసొస్తానని చెప్పి పత్తిచేలోకి వెళ్ళాడు."

"తిరిగొచ్చాడా?"

"నేనున్నంతసేపు రాలేదు."

"ఆ చేలో మోటారే లేదు," అంది పేరమ్మ.

ఈసారి నవ్వు అంత గట్టిగా రాలేదు. బుల్లయ్య తల వంచుకుని గ్లాసు అడుగున మిగిలిన టీ తిప్పుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పేరమ్మ క్యాను కిందపెట్టి తమ్ముడి పక్కన కూర్చుంది.

"మీ బావకి మాత్రం ఇంగ్లీషు వచ్చా ఏంట్రా? ఆ ఎండలో పెట్టెలతో నిలబడుంటే చూసి, చేత్తో రమ్మన్నాడు. వసారాలో నీడ చూపించాడు. మజ్జిగ ఇచ్చాడు. ఆ పిల్ల తాగి అక్కడే కూర్చుని ఏడ్చింది. ఏడుపు అయ్యేదాకా ఈయన విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. అంతే చేశాడు."

"అంతేనా?"

"అంతే."

"దానికే నాన్నా అంటుందా?"

"దానికే."

బుల్లయ్య గ్లాసు కిందపెట్టాడు. రెబెకా అడక్కుండానే అతని గ్లాసులో ఇంకో టీ పోసింది.

"నేను పాల కోసం రాలేదురా, నీకోసమే వచ్చాను," అంది పేరమ్మ. "మెరోన్ పిన్ని కూతురికి ఇక్కడే సీటొచ్చింది. రేపు పొద్దున్న దిగుతోంది. మా ఇంట్లో ఇంకో మంచానికి చోటు లేదు. నీ పైగది ఇస్తావేమో అడగమన్నారు."

"ఎవరు? బావా?"

"మెరోనే. అంకుల్ వాళ్ళింట్లో ఉంటే గోడ మీద నుంచి మాట్లాడుకోవచ్చు అంది."

"నా పేరు చెప్పి అడిగిందా?"

"నీ పేరు చెప్పే అడిగింది."

బుల్లయ్య పోసిన టీ తాగలేదు. లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, అక్క చెవి దగ్గరికి వంగాడు. గుసగుసే అనుకున్నాడు గానీ, అతని గొంతుకి గుసగుస రాదు. బంకులో అందరికీ వినపడింది.

"అక్కా, రామ్మా కూర్చో అనడానికి ఇంగ్లీషులో ఏమంటారు?"

"చేలోకి పోకుండా నిలబడు చాలు. కుర్చీ చూపించు, అదే కూర్చుంటుంది."

"పైన కుర్చీ లేదు."

"అయితే వెయ్యి."

బుల్లయ్య చుట్టూ చూశాడు. లేచి, తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని తిరగేసి, అరచేత్తో దాని కాళ్ళు ఒక్కొక్కటే ఊపి చూశాడు. ఒకటి కొంచెం కదిలింది. దాన్ని అక్కడే పెట్టేసి, కోటేష్‌ని లేపి అతని కుర్చీ తీసుకున్నాడు. "రెబెకా, రేపు ఇస్తానమ్మా," అని, దాన్ని నెత్తిన బోర్లించుకుని రోడ్డెక్కాడు. దారిలో ఎదురైనవాళ్ళు ఏంటి బుల్లయ్యా, ఎవరొస్తున్నారు అని అడిగారు. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటివైపు నడిచాడు.