మా నాన్న తుపాకీకి కొత్త చెక్క

తుపాకీ చెక్క ఎవరు మార్పించారనా? నేనేనమ్మా. ఆ రికార్డింగేదో పెట్టావా? అయితే ఇటొచ్చి కూచో, ఆ చెవి పనిచెయ్యదు నాకు.

మా నాన్న పోయిన ఏడాది మాట. ముప్పైల్లో అనుకో. నాకు ఇరవై రెండో, మూడో. పెళ్ళింకా కాలేదు. కాదు కాదు, అయింది, మీ మామ్మ కాపరానికి రాలేదు. మా ఊరు తెలుసుగా, దెందులూరికి దక్షిణంగా, కొల్లేటి అంచున. కిక్కిస గడ్డిలోంచి అడివిపందులు వచ్చి చేను దున్నేసి పోయేవి. అందుకని మా నాన్న, కాలవల డిపార్టుమెంటులో దొరొకాయన సీమకి పోతుంటే ఆయన దగ్గర తుపాకీ కొన్నాడు. తలుపు గడియ ఉంటుంది చూడు, అలా వెనక్కి లాగి ముందుకి తోసే రకం. ఆయన కొట్టిన పందుల గురించి ఊరంతా కథలు కథలుగా చెప్పుకునేవారు. మనిషి కూడా నిలువెత్తు మనిషి, మా గుమ్మంలోంచి తలొంచుకునే వచ్చేవాడు.

సరే, ఆయన పోయాక తుపాకీ అటక మీంచి దించితే ఏవుంది, భుజానికి ఆనించే చెక్క సగం చెద తినేసింది. నడుం దగ్గర విరిగి వేలాడుతోంది. లైసెన్సు నా పేరుకి మార్పించుకుందామని ఏలూరు ఆఫీసుకెళ్తే గుమాస్తా గారేమన్నారంటే, "నెల్లోపు తుపాకీ తెచ్చి చూపించండి. పుస్తకంలో అయిదంకెల నంబరుంది, అది కలవాలి, తుపాకీ పేలాలి. లేదంటే సర్కారుకి అప్పజెప్పెయ్యండి" అన్నారు. గొట్టం మీద చూస్తే మూడంకెలే కనపడుతున్నాయి. మిగతావి చెక్క కింద ఉన్నాయన్నమాట.

నేను ఇంటికొచ్చి, ఎందుకొచ్చిన గొడవ, ఇచ్చేద్దాం అన్నాను. మా అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా "అప్పజెప్పడానికి వీల్లేదు" అంది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడ్డం నేను వినడం అదే మొదటిసారి. నాన్న గుర్తని కాబోలు, పోనీలే అనుకున్నాను.

ఏలూరులో మస్తాన్ సాయిబు గారని తుపాకీలు బాగుచేసే ఆయన ఉండేవారు. మహా నెమ్మది మనిషి. చెక్క ఊడదీసి, ఇనప్పెట్టె తుడిచినట్టు కిరసనాయిలుతో తుడిస్తే అయిదంకెలూ బయటపడ్డాయి. పక్కన ఇంకేవో అక్షరాలు. ఇంగ్లీషులా ఉన్నాయి కానీ కాదు. కాయితం పెట్టి బొగ్గుతో రుద్ది ఆ అచ్చు నాకిచ్చి, "గూడెంలో యుద్ధానికెళ్ళొచ్చిన సుబేదారు గారున్నారు, అడగండి. ఏ దేశానిదో తెలిస్తే ఏ తూటా పడుతుందో తెలుస్తుందండి" అన్నారు. రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. స్టేషను బయట ఇడ్లీ తిన్నాను, కానీకి రెండు, చెయ్యంత ఉండేది ఒక్కోటి. ఆ సుబేదారు గారు కాయితం చూసి పకపకా నవ్వేశారు. "జర్మనీదయ్యా ఇది. నాలుగేళ్ళు వీటికి దొరక్కుండా తిరిగి బతికొచ్చాను. పింఛను తీసుకుని కూచుంటే మళ్ళీ ఇంటికే వచ్చింది చూడు" అన్నారు. కాఫీ కూడా ఇచ్చారులే.

ఇంక చెక్క. టేకు పనికిరాదు, దెబ్బకి చీలుతుంది, ఇరుగుడు కావాలి, అదీ బాగా ఎండింది కావాలి అన్నారు సాయిబు గారు. మా ఇంట్లో పందిరిమంచం ఒకటి గాలివానకి గోడ పడి విరిగిపోయింది. దాని పట్టె ఇరుగుడుదే. భుజాన వేసుకెళ్ళి ఇచ్చాను.

ఆయన పాత చెక్కని ఆది పెట్టుకున్నారు. ఆది తెలుసుగా, మీరు టైలరుకి పాత జాకెట్టు ఇస్తారే, అలా. నన్ను చెయ్యి మడవమని, ఆ పాత చెక్క వెనక కొస మోచేతి మడతలో పెట్టారు. నా వేలు, పేల్చే మీట ఉండే చోటు దాటి రెండంగుళాలు ముందుకెళ్ళిపోయింది. "మీ నాన్నగారు పొట్టా అండీ?" అన్నారు. కాదండీ, నాకంటే పొడుగన్నాను. "ఇది రంపం పెట్టి పొట్టి చేశారండి. వెనక రేకుకి కొట్టిన మేకులు కూడా మనూరి మేకులే. ఎవరి చేతి కొలతో కనుక్కోండి" అన్నారు. నేను వింటేనా? లైసెన్సు వచ్చేది నాకు, తుపాకీ నాది, నా చేతి కొలతకే చెయ్యండన్నాను. ఆ వయసలాంటిది.

పదిరోజుల్లో చేసిచ్చారు. అద్దంలా ఉంది. ఇంటికి తెచ్చి అమ్మ చేతికిచ్చాను. ఆవిడ అటూ ఇటూ చూసి, చెయ్యి మడిచి, చెక్క మోచేతి మడతలో పెట్టుకుంది. వేలు చాపింది. మీట అందలేదు. "బావుంది నాన్నా, నీకు సరిపోతుంది" అని గోడకి ఆనించేసింది.

ఆ కొలత చూసుకోవడం సాయిబు గారి కొట్లో తప్ప నేనెక్కడా చూళ్ళేదమ్మా. "పాతది ఎవరు కోశారమ్మా?" అన్నాను.

"మీ నాన్నగారే కోశారు. ఆయనకి రేచీకటి కదా. పొద్దువాలితే గేదెకీ గడ్డివాముకీ తేడా తెలిసేది కాదు. పందులేమో అప్పుడే వస్తాయి. నేను కొట్టేదాన్ని. ఆయన పక్కన కూచుని తూటాలందించేవారు" అంది. మరి ఊరంతా ఆయన కొట్టాడంటారేంటమ్మా అంటే, "అననీరా, ఏం పోయింది" అంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఏలూరు. సాయిబు గారు నన్ను చూసి, "ఈసారి చెయ్యి ఎవరిదండీ?" అన్నారు. మా అమ్మదండీ అన్నాను. ఆయన నవ్వలేదు. పెన్సిలు తీసి, "అయితే బుగ్గ ఆనే చోట కూడా కొంచెం పల్చన చెయ్యాలి" అన్నారు.

గుమాస్తా గారు నంబరు చూసుకుని లైసెన్సు నా పేరున రాసేశారు. ఆ కార్తీకంలోనే, పొద్దు వాలుతుండగా, చేలో ఇద్దరం కూచున్నాం. తూటా నేనందించాను. ఒక్కటే. కోడెదూడంత పంది, అక్కడికక్కడే పడింది. చప్పుడికి జనం పరిగెత్తుకొస్తుంటే మా అమ్మ తుపాకీ నా చేతిలో పెట్టి, పైట సర్దుకుని, గట్టు మీద గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వాళ్ళు నన్ను ఎత్తుకుని ఊరేగించారు. తండ్రిని మించినవాడన్నారు. నేను నోరు మెదపలేదు. బావుంది మరి నాకు, ఎందుకబద్ధం. తర్వాత కూడా ఎన్ని కొట్టిందో ఆవిడ, అన్నీ నా ఖాతాలోకే.

ఆవిడ పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఎంత ఓర్పు గల మనిషో అన్నారు. పులుసు ఆవిడే పెట్టాలన్నారు. గురి గురించి ఒక్కళ్ళూ అనలేదు. వాళ్ళకేం తెలుసు. నాకు తెలుసుగా, నేనూ అనలేదు. ఆ రోజు సిగ్గేసిందమ్మా, ఇవాళ్టికీ సిగ్గే.

అది తిరుగుతూనే ఉందా? అయితే వినపడేట్టు చెప్తాను. మా ఊళ్ళో పందుల్ని కొట్టింది మా నాన్న కాదు, నేను కాదు. మా అమ్మ, వెంకాయమ్మ. మీ నాన్నకి కూడా వినిపించు, వాడు నా గొప్పలు చెప్పుకు తిరుగుతున్నాడు ఇంకా. నువ్వు చల్లగా ఉండు తల్లీ. నువ్వు చేసింది నేనే చేశానని చెప్పుకో, ఎవరికీ ఇవ్వకు... ఇంక కట్టెయ్యి.