పట్టాలు పీకీమన్న పోలయ్య

కార్గిల్ యుద్ధం నడుస్తున్న రోజులు. పలాసలో టీకొట్టు దగ్గర అన్న ఒక్క మాటకి, ఉద్దానం తీరపు జాలరి పోలయ్యను స్టేషనుకు పిలిపించారు. ఎదురుగా హెడ్డు కానిస్టేబులు వైకుంఠరావు కలం పట్టుకుని ఉన్నాడు. పోలయ్యను కూర్చోమని ఎవరూ అనలేదు.

“అదే మాట మళ్ళీ సెప్పు. ఉన్నదున్నట్టు.”

“సెప్తే ఇంకో కేసెడతారేటి బాబూ?”

“వాంగ్మూలానికి కేసుండదు. సెప్పు.”

“రైలు పట్టాలు పీకీయాల అన్నాను.”

“పీకీయాల అన్నావా, పీకీత్తాను అన్నావా?”

“రెండిటికీ తేడా ఏటి?”

“యుద్ధం జరుగుతోందిరా! పీకీయాలంటే జనాన్ని రెచ్చగొట్టడం. పీకీత్తానంటే కుట్ర.”

“దేనికి తక్కువ శిచ్చ పడితే అదే అన్నాను. రాసీసుకోండి.”

“ఎటకారమా? దేంతో పీకుదామనుకున్నావు?”

“నాకాడున్నది తెడ్డొక్కటే బాబూ.”

“ఆయుధం, తెడ్డు. ఊఁ. ఎంతమంది విన్నారు?”

“టీకొట్టు గున్నయ్య. ఆడికి సెవుడు. పక్కన మఫ్టీలో తమరి కానిస్టేబులు.”

“ఇంకా?”

“ఇంకెవులూ నేరు. ఆ బాబు రెచ్చిపోనాడేటి? పట్టాలు గాని పీకీసినాడా?”

“నోర్ముయ్! మిలటరీ రైలు ఎళ్ళిన గంటలోనే అన్నావు ఆ మాట. దాని మీద నీకేటి కోపం?”

“ఆగనేదు బాబూ.”

“నీకోసం మిలటరీ రైలాగాలా? ఉండు, ఉండు. ఆ రైలొస్తాదని మాకే తెలీదు. నీకెలా తెలిసింది?”

“ఏదో, తెలిసినాది.”

“ఏదో ఏటి? ఇప్పుడిది పట్టాల కేసు కాదు పోలయ్యా. సైన్యం రహస్యం. ఎవడు సెప్పాడు?”

“వద్దు బాబూ. నన్నొక్కణ్ణే లోపలెయ్యండి.”

“పేరు!”

“బైరాగి.”

“బై... రా... గి. రాశాను. ఏ ఊరు?”

“మా ఊరే. ఫలానా రోజు పలాస మీంచి ఎల్తాం అని ఉత్తరం రాసినాడు. పొద్దున్నించి మా ఇంటిది సూరమ్మా నేనూ ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాం. రైలు సర్రున ఎలిపోనాది. ఓ కిటికీలోంచి సెయ్యొకటి ఊపినారు. ఆడిదో కాదో తెలవనేదు.”

“ఎవడిది?”

“నా కొడుకుది బాబూ.”

“కొడుకా? ముందే సెప్పొచ్చు కదరా! సర్లే, ఆ పేరు కొట్టేస్తాను.”

“కొట్టీకండి బాబూ, ఉంచండి. ఆణ్ణి అరెస్టు సెయ్యడానికి తమరు కార్గిల్ ఎల్లినప్పుడు నన్నూ అట్టుకెల్లండి. ముకం సూసి వొచ్చెత్తాను.”