పప్పుబావి దీనమ్మ

ఆ పప్పుబావి మీద అడ్డం వేసిన తుమ్మకంప ఎవరు జరిపారర్రా? ఊరంతా ఆ బావికి దూరంగా నడుస్తుంది, మేకల్ని కూడా అటు తోలరు, మరి ఇవాళ మధ్యాహ్నం నేను కర్ర పొడుచుకుంటూ అటుగా వస్తుంటే గట్టు తడిగా ఉందేం? చేద తోడిన తడి నాకు తెలీదనుకున్నారా? వచ్చి రేపటి పప్పుకి ఏ నీళ్లు తెచ్చారని ఇంట్లో అందర్నీ అడిగితే పంపునీళ్లేనమ్మా, పంపునీళ్లే అన్నారు. రేపు మనింట్లో బారసాల. పక్కిళ్లవాళ్లు కూడా వచ్చారు కాబట్టి అందరి ముందే చెబుతాను. మాణిక్యం, నువ్వూ వచ్చి కూర్చో, కూర తర్వాత తరుక్కోవచ్చు. పిల్లని పడుకోబెట్టి నీ కూతుర్ని కూడా రమ్మను. బాలింతరాలికి చెవులు పనిచేస్తాయిగా.

దానికి పప్పుబావి అని పేరెందుకొచ్చిందో మీకు తెలీదు. మన పంపునీళ్లు ఉప్పన, కట్టెలన్నీ తగలేసినా కందిపప్పు బద్ద బద్దలాగే ఉంటుంది. ఆ బావినీళ్లు పోస్తే రెండు పొంగులకే వెన్నలా అయిపోయేది. అందుకని తాగడానికి పంపు, పప్పుకి బావి, అదీ మన ఊరి పద్ధతి. కొత్తకోడలు వస్తే ముందు ఆ బావికే దారి చూపించేవాళ్లం.

మాణిక్యానికి ఈ శిరీష పుట్టిన ఏడు పెద్ద ముంపొచ్చింది. మురుగుకాలవ, చచ్చిన గొడ్లు, పెంటకుప్పలు, అన్నీ కలిసిన నీళ్లు బావిలోకి దిగిపోయాయి. అప్పుడు నర్సు దీనమ్మ మోకాళ్లదాకా బురదలో నడుచుకుంటూ, చంకలో బ్లీచింగ్ డబ్బా పెట్టుకుని వచ్చింది. గట్టు మీద ఎర్రరంగుతో అడ్డగీత గీసింది, ఇంటింటికీ వచ్చి నేను చెప్పేదాకా ఆ నీళ్లు ముట్టుకోవద్దు, పంపునీళ్లు కూడా కాచి తాగండి అని చెప్పింది. మేం గంగిరెద్దుల్లా తలలూపాం. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే ఏమనుకున్నామో తెలుసా? పప్పెలాగూ ఉడుకుతుంది కదా, ఇంక పురుగేం బతుకుతుంది అనుకున్నాం. అంత తెలివైనవాళ్లం. వారం వారం బావిలో కలపమని ఆవిడ ఇచ్చిన మందు మీ తాత దొడ్డిగుమ్మంలో చల్లేసి, కలిపానని చెప్పాడు. పప్పు వాసనొస్తుందంట ఆయనకి!

ఇదిగో, ఈ శిరీష బారసాల. వంటాయన పప్పుకని రెండు గంగాళాల బావినీళ్లు తెప్పించాడు, ఒకటి మిగిలిపోయింది. జనం ఎక్కువొచ్చారు, మజ్జిగ చాలలేదు, పంపు దగ్గర చాంతాడంత వరుస. నేనేం చేశాను? ఈ చేత్తోనే, ఆ మిగిలిన గంగాళం మజ్జిగలో కుమ్మరించాను. పురుడు పోసింది కదాని దీనమ్మ పిల్లకి గౌను పట్టుకుని వచ్చింది. అరుగు చివర విడిగా ఆకేశాం, ఆ బుద్ధులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడేం పోయాయి గనక. మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకుని, ఏ నీళ్లక్కా ఇవి అనడిగింది. కాచిన పంపునీళ్లే అన్నాను. నా మొహం చూసి నవ్వి, చివరిదాకా తాగింది.

తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. పంతొమ్మిదిమంది. పథ్యం మనిషివి, నాకు తెలియకుండా నువ్వూ గ్లాసుడు తాగావు కదే మాణిక్యం. దారులు తెగిపోయాయి, బండి రాదు. దీనమ్మ తన కడుపు పట్టుకుని, కాచిన నీళ్లలో ఉప్పూ పంచదారా కలిపి, రెండ్రోజులు నీ నోట్లో చెంచాతో పోసింది. మధ్యలో మళ్లీ అడిగింది, నిజం చెప్పక్కా, ఏ నీళ్లు అని. అప్పుడైనా చెప్పానా? పరువు పోతుందని మళ్లీ పంపునీళ్లే అన్నాను. చెప్పుంటే అడుగున మిగిలిన మజ్జిగైనా పారబోయించేది. అది ఇంకో ముగ్గురు తాగారు. ఆ ముగ్గురూ పోయారు. మూడోనాడు నువ్వు లేచి కూర్చున్నావు, ఆవిడ మన అరుగు మీదే కన్నుమూసింది.

అప్పట్నుంచీ ఆవిడ బావి దగ్గరే ఉంది. పెద్దవీధి గవరమ్మ ఊరుకోక చేద వేసిందంట, వేయగానే గుప్పున బ్లీచింగ్ వాసన, వెనకనుంచి ఏ నీళ్లక్కా ఇవి అని వినపడిందంట. ఆ మహాతల్లి చాంతాడు పట్టుకునే పంపునీళ్లే అందంట! ఇంక చేద పైకి రాదు, తాడు జారి అరచేతులు బొబ్బలెక్కాయి. వెనక్కి తిరిగితే తెల్లచీర, చంకలో డబ్బా. కాళ్లు వెనక్కి తిరిగున్నాయా అని అడిగాను. లేదమ్మా, మామూలుగానే ఉన్నాయి, మోకాళ్లదాకా బురద అంది. దెయ్యమంటే పీకే పిసకాలా ఏంటి? ఆవిడ అడుగుతుంది, అంతే. నేను గ్లాసెత్తిన ప్రతిసారీ అడుగుతుంది. మొన్నటి ముంపుకి ఆసుపత్రివాళ్లొచ్చి మళ్లీ ఎర్రగీత గీసి, మళ్లీ చెప్పిపోయారు, మళ్లీ తలలూపారు మీరంతా. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇవాళ గట్టు తడి చూస్తుంటే ఆ వాసనొచ్చింది. తలెత్తితే ఉంది. నన్నేమీ అడగలేదు. మనింటివైపు చూస్తూ నిలబడింది.

ఎక్కడికే మాణిక్యం, లేస్తున్నావు? తలుపు చాటున పళ్లెం మూసిన బిందె నేను చూడలేదనుకున్నావా? పప్పుకే కదమ్మా అంటున్నావా? నేనూ అదే అన్నానే. నీ నోట్లో పోసిన ప్రాణం ఎవరిదో మర్చిపోయి, నీ మనవరాలి బారసాలకి ఆ నీళ్లే తెచ్చావు, అడిగితే నా మాటే నాకు అప్పజెప్పావు. ఏడవకు. ముందు ఆ బిందె తీసుకెళ్లి దూరంగా పారబోసి, మరిగే నీళ్లతో కడుగు. శిరీషా, నువ్వు లోపలికి పో, పిల్ల లేచింది.

ఇంక మీ అందరికీ చెబుతున్నా. రేపు మనింట్లో పప్పు బద్ద బద్దగానే ఉంటుంది. నచ్చనివాళ్లు పచ్చడేసుకుని తినండి. అటు మాత్రం వెళ్లకండి.