బ్రిడ్జి ఎక్కని సైకిల్

సూరత్‌లో గోడాదరా. కరోనా రెండోసారి వచ్చి ఇండ్లకు ఇండ్లు ఊడ్చుకుపోయిన ఏడాది, వానాకాలం. మగ్గాల కార్ఖానాలో మెకానిక్ పని చేసే రాజనర్సు సెలవు పూట అక్క లేని ఇంటికి వచ్చి, బావ గంగారాం సైకిల్ ముందు పానాలు పరుచుకొని కూర్చున్నాడు.

"ఇగ దీన్ని ఇడిషిపెట్టు బావా. మోటరు కాలిపోయింది."

"కాలిందా? వాసన రాలే గద."

"లోపల కాల్తె బైటికి రాదు."

"మన సాంచె మోటరు కాల్తె గల్లి చివరిదాక కొడ్తది వాసన."

"మగ్గానికుండేది పెద్ద మోటరు. గిది చక్రంల ఇమిడేది. రెండిటికీ పోలికేంది?"

"పోలిక ఉన్నదని నువ్వే అంటివి నర్సూ. పోయినేడు లాక్‌డౌన్ల, పని లేక ఇద్దరం గీన్నే గూసొని సైకిల్‌కు మోటరు చక్రం బిగిస్తున్నం. పాత బ్యాటరీలు నాలుగు తెచ్చి మా బిడ్డ లత బడి సంచిల వెట్టి కట్టినం. మీ అక్క చాయ్ వెట్టుకొచ్చి నిలవడ్డది. యాదికున్నదా?"

"ఉన్నది."

"బటన్ నొక్కంగనే చక్రం ఉల్టా తిరిగింది. నేను పరేషానైన. నువ్వు నవ్వినవ్. 'సాంచె మోటరు ఉల్టా తిరిగితె ఏం జేస్తం బావా? మూడు వైర్లల్ల రెండు అటుదిటు మారుస్తం. గిది గూడ గంతే' అన్నవ్. మార్చినవ్."

"మార్చిన. అయితేంది?"

"ఏం లేదు. గప్పటికెళ్లే గద వణుకుడు వెట్టింది. నొక్కితె ఒక్క గుంజు గుంజి ఆగుడు, మల్ల గుంజుడు."

"గది వైర్లతోని గాదు. గా నల్ల డబ్బ, కంట్రోలరు. గదే ఖరాబు."

"ఇప్పుడే మోటరంటివి."

"రెండూ. రెండూ ఖరాబే. జర పాన ఇటియ్యి, చక్రం ఊడదీసి పాత ఇనుపసామానోనికి ఏసొస్త. నీకు మామూలు చక్రం బిగిస్త."

"మామూలు చక్రమైతె తొక్కాలె గద. నాలుగడుగులేస్తె దమ్మొస్తుంది నాకు. నా ఊపిరితిత్తులు గట్లనే ఉంటయట ఇగ, డాక్టరన్నడు."

"లత గూడ గదే అన్నది ఫోన్ల. 'మామా, బాపు తొక్కలేకపోతుండు, వచ్చి సైకిల్ బాగుచెయ్యి' అన్నది."

"ఇంకేమన్నది?"

"ఇంకేమంటది."

"నర్సూ."

"... అడిగింది బావా. గా దినం సైకిల్ నడిస్తె అమ్మ దక్కుతుండెనా అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? సిగ్నల్ లేదని ఫోన్ వెట్టేసిన."

"నన్ను గూడ అడుగుతది. అన్నం కాడ అడుగుతది, చీరలకు మెరుపు టిక్కీలు అంటిస్త అంటిస్త ఆగి అడుగుతది. నేను బైటికి లేషి పోత. ఎన్నిసార్లని లేషి పోత? మెకానిక్‌వు నువ్వు. నువ్వు జెప్పు. గా దినం గిది నడుస్తుండెనా?"

"నడవకపోతుండె. ఎవలు బిగిచ్చినా నడవకపోతుండె. మోటరు కంపెనీలకెళ్లి వచ్చుడే ఖరాబు వచ్చింది."

"నిజంగ?"

"అక్క మీదొట్టు."

"దాని మీద ఒట్టు వెట్టకు. ఉన్నోళ్ల మీద వెట్టు."

"తప్పైంది బావా. నోట్లకెళ్లి వచ్చింది."

"గా దినం సంగతి నీకు ఎన్నడు జెప్పలే గద నేను."

"ఇప్పుడెందుకు బావా? మబ్బు వట్టింది, వానొచ్చేటట్టున్నది, లోపలికి—"

"ఇను. నీకే జొరముండె అప్పుడు, నీకెవలు జెప్పలే. అంబులెన్సుకు ఫోన్ జేస్తె లైను దొరకలే. ఆటోవాలా మీ అక్క దగ్గుడు సూశి ఆపకుండ వోయిండు. ఎన్క క్యారేజీ మీద గూసుండవెట్టుకొని, పడకుండ తువ్వాలతోని నా నడుముకు కట్టుకున్న. మోటరు చక్రం నీకెరికే గద, కరెంటు లేకపోతె బండరాయి. బ్రిడ్జి నడిమిట్లకు వచ్చెవరకు నా కాళ్లు వట్టుకపోయినయ్."

"దిగి నూకకపోతివా?"

"నూకిన. నాకూ అప్పటికే లోపల అంటుకున్నది గద. నూకుతె నాకు దమ్ము, కూసుంటె దానికి దమ్ము. అప్పుడన్నది అది."

"ఏమన్నది?"

"'తమ్ముడు జేశిండు గద, ఒక్కసారి నొక్కి సూడు' అన్నది."

"గట్లన్నదా?"

"గట్లనే అన్నది. నొక్కిన. ఒక్కటే గుంజు గుంజింది. తువ్వాల లేకుంటె కింద వడుతుండె. ఇగ నేను నడుస్త అన్నది. నడిషింది గూడ. గోడ వట్టుకొని బ్రిడ్జి దిగేదాక నడిషింది. దిగినంక జరసేపు గూసుంట అన్నది. గూసున్నది. దవాఖాన బోర్డు కనవడుతుంది అక్కడికెళ్లి."

"నాకెందుకు జెప్పలే బావా ఇన్నొద్దులు?"

"ఏమని జెప్పాలె?"

"బావా... గా వైర్లు—"

"మోటరు కాలిందంటివి."

"గది గాదు. ఇయ్యాల విప్పి సూస్తె సమజైంది. అప్పుడు నేను మార్చిన వైర్లు—"

"కంపెనీలకెళ్లే ఖరాబు వచ్చిందంటివి."

"నన్ను జెప్పనియ్యి. ఇగో గీ లావు వైర్లు మూడు, గీ పక్కన సన్నయి. లావువి మారిస్తె సన్నయి గూడ మార్చాలె. నాకెరిక లేకపాయె. సాంచె మోటరుకు సన్న వైర్లే ఉండవు గద బావా. నా చేతులతోనే నేను—"

"మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు ఇంటరు."

"తిట్టు బావా. కొట్టు. గట్ల మెల్లగ మాట్లాడకు నాతోని."

"కొడ్తె అదొస్తదా?"

"రెండు నిమిషాల పని బావా. ఇప్పుడు మారిస్తె ఇప్పుడే నడుస్తది."

"మార్చకు."

"నీకన్న అక్కెరకొస్తది. తొక్కుడుండదు, దమ్ము రాదు. కార్ఖానాకు—"

"మార్చకన్న గద. నేను నడిషి పోత. మెల్లగ, ఆగుకుంట పోత."

"ఎందుకు బావా?"

"లత ఎక్కుతది. ఎక్కి నొక్కుతది. నొక్కితె నడుస్తది. నడిస్తె ఇగ దానికి ఎవలు జెప్పాల్సిన పని లేదు."

"నీకు... నీకు ముందే ఎరికనా?"

"మొన్న కడోదర కాడ బ్యాటరీ రిక్షాలు బాగుజేసేటాయనకు సూపిచ్చిన. సూడంగనే నవ్విండు. 'సాంచెలోళ్లా మీరు?' అన్నడు. సన్న వైర్లు రెండు మార్చిండు. మీ అక్కంత బరువు బియ్యం మూట ఎన్క గట్టుకొని గా బ్రిడ్జి మీదికే వోయిన నర్సూ. ఒక్కసారి గూడ కాలు కదపలే. ఎక్కింది, దిగింది, దవాఖాన గేటు కాడ ఆగింది. గేటు కాడ ఏడిషి ఇంటికొచ్చి, నువ్వెట్ల గట్టినవో వైర్లు మల్ల గట్లనే గట్టి పెట్టిన. అగో, గల్లి మలుపుల లత వస్తుంది, కండ్లు తుడుసుకో. మోటరు కాలిందని నాకెట్ల జెప్పినవో, దానికి గూడ గట్లనే జెప్పు."